కేబుల్ కొనే ముందు మానిటర్ వీపు చూడండి

మా బావమరిదికి చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, అప్పుడప్పుడూ ఊళ్లో కవిగారెవరిదో ఓ పుస్తకం. పాత చదరపు మానిటర్ పోయాక 22 అంగుళాల కొత్తది తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు. “బావా, కళ్లు లాగేస్తున్నాయి. థకీ ధకీ తేడా తెలీట్లేదు. నిన్న ఓ కార్డులో ‘రథసప్తమి’ కాస్తా ‘రధసప్తమి’ అయి కూర్చుంది. కళ్లజోడు నంబరు మారినట్టుంది.”

వెళ్లి చూశాను. మానిటర్ అట్టపెట్టెలో హెచ్‌డీఎంఐ కేబుల్ కవరు కూడా విప్పకుండా పడి ఉంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు, పాత కేబుల్ సరిపోయిందిగా అని నీలం మూతి కేబుల్నే తగిలించి వెళ్లాడు. బొమ్మ వచ్చింది, అందరూ సరే అనుకున్నారు. కొత్త కేబుల్ మార్చిన ఐదు నిమిషాల్లో థ కడుపులో చుక్క కనబడింది. కళ్లజోడు ఖర్చు మిగిలింది.

ఈ కేబుల్ తంటా దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. దుకాణానికి వెళ్లి “మానిటర్ కేబుల్ ఇవ్వండి” అంటాం, వాళ్లిచ్చింది తెస్తాం, అది పట్టదు. కేబుల్ ఎంచుకోవాల్సింది కౌంటర్ దగ్గర కాదు, ఇంట్లో, మానిటర్ వెనకాల.

1. రెండు వీపులూ ఫొటో తీయండి

ఫోన్ టార్చి వేసి మానిటర్ వెనకా, సీపీయూ వెనకా ఉన్న పోర్టుల్ని ఫొటో తీయండి. లాప్‌టాప్ అయితే రెండు పక్కలా తీయండి. మానిటర్ పోర్టులు చాలావాటిలో కింది వైపుకి తిరిగి ఉంటాయి, వంగి చూడాలి. పేర్లు గుర్తుండక్కర్లేదు, ఆకారాలు పోల్చుకుంటే చాలు.

వీజీఏ అంటే నీలం రంగు పోర్టు. వరసకి ఐదు చొప్పున మూడు వరసల్లో 15 బెజ్జాలు, అటూ ఇటూ మరలు. బొమ్మని అంకెలుగా కాక వోల్టేజీగా పంపే అనలాగ్ పోర్టు ఇదే.

డీవీఐ వెడల్పుగా, చాలావరకు తెల్లగా ఉంటుంది. దీనికీ మరలుంటాయి. ఒక చివర అడ్డంగా ఓ చీలిక కనిపిస్తుంది. ఆ చీలిక చుట్టూ నాలుగు చిన్న బెజ్జాలున్నాయో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

హెచ్‌డీఎంఐ టీవీకి ఉండేదే. కింది మూలలు రెండూ నొక్కినట్టు ఉంటాయి. డిస్‌ప్లేపోర్ట్ చూడ్డానికి దానికి తమ్ముడిలా ఉంటుంది గానీ, దీనికి ఒక మూలే కోసి ఉంటుంది. ఈ రెంటినీ తారుమారు చేసి కొనేవాళ్లు తక్కువేం కాదు. ఇక లాప్‌టాప్‌లకి యూఎస్‌బీ-సీ ఉండొచ్చు. అయితే ఆ బెజ్జం ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని కాదు. కొన్నిటిలో అది చార్జింగుకీ ఫైళ్లకీ మాత్రమే. లాప్‌టాప్ వివరాల్లో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ అనో, థండర్‌బోల్ట్ అనో ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

2. అనలాగ్ ఎందుకు మసకేస్తుందో ఒక్కసారి అర్థం చేసుకోండి

ఇది తెలిస్తే మిగతా అడుగులన్నీ బట్టీ పట్టక్కర్లేదు.

వీజీఏని 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. అప్పటి మానిటర్లు వెనకాల బాన కడుపున్న సీఆర్టీలు. వాటికి కావలసింది ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగుల హెచ్చుతగ్గులు వోల్టేజీ రూపంలో రావడమే. సున్నా నుంచి 0.7 వోల్టు దాకా, అంతే. కంప్యూటర్ లోపలి అంకెల్ని గ్రాఫిక్స్ కార్డు వోల్టేజీగా మార్చేది, మానిటర్ ఆ వోల్టేజీతో తెర మీద గీసేది. ఆ జోడీకి వీజీఏ చక్కగా సరిపోయింది.

ఎల్‌సీడీ వచ్చాక కథ మారింది. తెర మీద చుక్కలకి స్థిరమైన చోట్లున్నాయి. 1920×1080 తెర మీద 20 లక్షలకు పైగా చుక్కలు, సెకనుకి 60 సార్లు మారుతుంటాయి. వీజీఏ కేబుల్ పెడితే కంప్యూటర్ తన దగ్గరున్న అంకెల్ని వోల్టేజీగా మార్చి పంపుతుంది, మానిటర్ ఆ వోల్టేజీని కొలిచి మళ్లీ అంకెలు చేసుకుంటుంది. బళ్లో డిక్టేషన్ లాంటిదన్నమాట. పంతులుగారి ముందు పుస్తకం ఉంది, పిల్లాడి ముందు పలక ఉంది, మధ్యలో గొంతూ చెవీ. ఏ చుక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మానిటర్ అంచనా కట్టుకోవాలి. ఆ అంచనా వెంట్రుకవాసి జరిగినా ఒక చుక్క రంగు పక్క చుక్కలోకి కారుతుంది. సినిమా చూస్తే ఇది తెలియదు. అక్షరాల దగ్గర, అందులోనూ మన వత్తులూ తలకట్లూ ఉన్న చోట బయటపడుతుంది.

డీవీఐ (1999), హెచ్‌డీఎంఐ (మొదటి వెర్షన్ 2002), డిస్‌ప్లేపోర్ట్ (2006) మూడూ డిజిటల్. పంతులుగారు పుస్తకమే చేతికిచ్చేస్తారు. అంచనా లేదు కాబట్టి కారడమూ లేదు.

3. మీ జోడీ ఏదో చూసుకుని ఎంచుకోండి

రెండు వైపులా ఒకే రకం డిజిటల్ పోర్టు ఉంటే ఆ కేబుల్ తీసుకోండి, పనైపోయింది. వీజీఏ కూడా ఉందే అని దాని జోలికి పోవద్దు. 1080 రెజల్యూషన్ (1920×1080 చుక్కలు), 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు) మామూలు వాడకానికి డీవీఐ, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మూడింటిలోనూ వచ్చే బొమ్మ ఒక్కటే. ఎవరైనా “డిస్‌ప్లేపోర్ట్‌లో రంగులు బావుంటాయండీ” అంటే నవ్వి ఊరుకోండి.

తేడా పెద్ద తెరల దగ్గర మొదలవుతుంది. 4కె (1080కి నాలుగింతల చుక్కలున్న) మానిటర్ కొని హెచ్‌డీఎంఐ 1.4 పోర్టున్న పాత లాప్‌టాప్‌కి తగిలిస్తే 30 హెర్ట్జే వస్తుంది. మౌస్ బాణం అంబలిలో ఈదినట్టు కదులుతుంది. 4కె, 60 హెర్ట్జ్ కావాలంటే రెండు చివరలా హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ, ఆపై వెర్షన్ గానీ ఉండాలి. 144 హెర్ట్జ్ గేమింగ్ మానిటర్లకి నా ఓటు డిస్‌ప్లేపోర్ట్‌కే. ఆ మానిటర్లలో కొన్నిటి హెచ్‌డీఎంఐ పోర్టు పూర్తి వేగం ఇవ్వదు, పెట్టెలోని పుస్తకంలో ఆ ముక్క చిన్నక్షరాల్లో ఉంటుంది. డీవీఐలో తక్కువ తీగల సింగిల్ లింక్ రకం 1920×1200 దగ్గర ఆగిపోతుంది, ఎక్కువ తీగల డ్యూయల్ లింక్ 2560×1600 దాకా వెళ్తుంది.

కంప్యూటర్ కొత్తది, మానిటర్ పాతది, దానికి వీజీఏ ఒక్కటే ఉంది. ఇళ్లలో ఎక్కువగా కనబడేది ఇదే. ఇక్కడ హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కావాలి. లోపల చిప్ ఉండేది తీసుకోవాలి, ఎందుకంటే డిజిటల్‌ని అనలాగ్ చేయడం వట్టి తీగల వల్ల కాదు. ఒక చివర హెచ్‌డీఎంఐ, ఇంకో చివర వీజీఏ ఉండి, మధ్యలో ఏ డబ్బా లేని చవక కేబుల్ కనిపిస్తే అనుమానించండి. చిప్ మూతిలోపల ఉందని రాసి ఉంటే సరే, లేకపోతే అది తాడు కింద పనికొస్తుంది.

కంప్యూటర్ పాతది, వీజీఏ ఒక్కటే ఉంది. మానిటర్ కొత్తది, హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది. ఇది పై దానికి తలకిందులు. పైన చెప్పిన అడాప్టర్ ఇక్కడ పనిచేయదు. దయచేసి ఈ వాక్యం ఇంకోసారి చదవండి, ఎందుకంటే అందరి డబ్బూ పోయేది ఇక్కడే. అడాప్టర్లకి దిక్కుంటుంది. నదిలాగే, ఎగువ నుంచి దిగువకే పారుతుంది. ఎగువ అంటే కంప్యూటర్, దిగువ అంటే మానిటర్. మీకు కావలసింది వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా. దానికి కరెంటు కోసం ఒక యూఎస్‌బీ తోక, సౌండ్ కోసం ఇంకో చిన్న తోక ఉంటాయి. వీజీఏలో శబ్దం రాదు కాబట్టి ఆ రెండో తోక.

అయితే ఆ డబ్బా కొనే ముందు సీపీయూ వెనక మళ్లీ చూడండి. చాలా పాత మదర్‌బోర్డుల్లో నీలం వీజీఏ పక్కనే తెల్లటి డీవీఐ ఉంటుంది, ఎవరూ వాడక దుమ్ముపట్టి ఉంటుంది. డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మామూలు కేబుల్ చాలు, చిప్ అక్కర్లేదు. రెండూ లోపల మాట్లాడే భాష ఒక్కటే. డీవీఐ కూడా లేకపోతే, డెస్క్‌టాప్‌లో ఖాళీ స్లాటు ఉంటే, హెచ్‌డీఎంఐ ఉన్న చిన్న సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు వేసుకోవడం ఆ డబ్బా కంటే మేలు. డబ్బా వల్ల డిక్టేషన్ బాధ తీరదు, మానిటర్ చేసే అంచనా డబ్బా చేస్తుంది, అంతే.

ఇప్పుడు డీవీఐ చీలిక చుట్టూ నాలుగు బెజ్జాల సంగతి. అవి ఉంటే ఆ పోర్టు డీవీఐ-ఐ, అంటే అనలాగ్ కూడా పంపగలదు. చిన్న అడాప్టర్ మూతి పెట్టి వీజీఏ మానిటర్‌కి కలపొచ్చు. లేకపోతే అది డీవీఐ-డి, డిజిటల్ ఒక్కటే. ఆ మూతి అందులోకి దూరనే దూరదు, సూదులు విరిచి దూర్చినా బొమ్మ రాదు. విరిచినవాళ్లని చూశాను.

డిస్‌ప్లేపోర్ట్‌కీ దిక్కుంది. కంప్యూటర్‌లో డిస్‌ప్లేపోర్ట్, మానిటర్‌లో హెచ్‌డీఎంఐ ఉంటే చవక కేబుల్‌తో గడిచిపోతుంది. పోర్టు పక్కన డీపీ అన్న గుర్తు మీద రెండు ప్లస్‌లుంటే మరీ నిశ్చింత. తిరగేసి, కంప్యూటర్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లాలంటే మాత్రం కరెంటు తీసుకునే ప్రత్యేక కన్వర్టర్ కావాలి.

రెండు వైపులా వీజీఏ తప్ప ఏమీ లేదంటే చింతించకండి, మంచి కేబుల్ తీసుకుని ఆరో అడుగులో చెప్పేది చేయండి. 2010 డిసెంబరులోనే ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శాంసంగ్, ఎల్‌జీ కలిసి వీజీఏని వదిలేస్తామని ప్రకటించాయి. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లలో అది లోపల లేదు. ఆ తర్వాతి మదర్‌బోర్డుల మీద కనిపించే నీలం పోర్టు వెనక ఓ మార్పిడి చిప్ కూర్చుని ఉంటుంది. అంటే డిజిటల్‌గా బయల్దేరింది అనలాగై, మానిటర్‌లో మళ్లీ డిజిటల్ అవుతోందన్నమాట. అలాంటి బోర్డున్న వాళ్లు నీలం కేబుల్ వాడుతుంటే నాకు ముచ్చటేస్తుంది, జాలీ వేస్తుంది.

4. దుకాణంలో

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లినా, మీ ఊరి మొబైల్ షాపుకి వెళ్లినా ఆ ఫొటోలు చూపించండి. ‘ఇందులోంచి ఇందులోకి’ అని దిక్కు చెప్పండి.

పొడవు ముందే తాడుతో కొలుచుకోండి. మీటరున్నర, రెండు మీటర్లు బల్లకి సరిపోతాయి. ‘ఎందుకైనా మంచిది’ అని ఐదు మీటర్లు కొంటే వీజీఏలో మసక పెరుగుతుంది, 4కె హెచ్‌డీఎంఐలో బొమ్మ ఆగి ఆగి వస్తుంది. వీజీఏ కేబుల్ అయితే లావుగా ఉన్నదీ, చివర్లలో నల్లటి గుండ్రటి ఫెరైట్ ఉండ ఉన్నదీ ఎంచుకోండి. అనలాగ్‌లో కేబుల్ నాణ్యత నిజంగానే బొమ్మలో కనబడుతుంది.

డిజిటల్‌లో కనబడదు. బంగారు పూతా, జడ అల్లికా బొమ్మని మెరుగు చేయవు. డిజిటల్ బొమ్మ వస్తే పూర్తిగా వస్తుంది, కేబుల్ చాలకపోతే మెరుపు చుక్కలు పడతాయి, తెర క్షణంపాటు నల్లబడుతుంది. 4కె, 60 హెర్ట్జ్ హెచ్‌డీఎంఐకి ‘ప్రీమియం హై స్పీడ్’, హెచ్‌డీఎంఐ 2.1కి ‘అల్ట్రా హై స్పీడ్’ అన్న ముద్ర చూడండి. 1080కి మామూలు ‘హై స్పీడ్’ చాలు.

వీజీఏ కేబుల్లో తొమ్మిదో సూది లేకపోతే లోపం అనుకుని గొడవపడకండి. చాలా కేబుళ్లకి అది ఉండదు.

5. తగిలించేటప్పుడు

కంప్యూటర్‌నీ మానిటర్‌నీ స్విచ్చి దగ్గరే ఆపండి. వట్టి మర్యాదకి చెప్పడం లేదు. మన ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గులు బోలెడు. సీపీయూ కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది కదా, ఆ లీకేజీ కేబుల్ తగిలించే క్షణంలో సన్నటి చిప్‌ల గుండా పోవచ్చు. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. వీజీఏ బొమ్మ మీద అలల్లాగా పట్టీలు పాకుతుంటే చాలాసార్లు దానికి మూలం కేబుల్ కాదు, ఈ ఎర్తింగే.

గ్రాఫిక్స్ కార్డు ఉన్న సీపీయూలో పోర్టులు రెండు చోట్ల ఉంటాయి. పైన నిలువుగా ఉన్న గుంపు మదర్‌బోర్డుది, కింద అడ్డంగా ఉన్నది కార్డుది. కేబుల్ కార్డుకే పెట్టాలి. వేలకి వేలు పోసి కార్డు కొని, కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టి గేములు నత్తనడక నడుస్తున్నాయని వాపోయేవాళ్లున్నారు.

వీజీఏ, డీవీఐ మరలు రెండూ బిగించండి. ఒకటే బిగిస్తే కేబుల్ బరువుకి ఒక పక్క లేస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ మూతికి చాలావాటిలో చిన్న నొక్కుడు మీట ఉంటుంది, తీసేటప్పుడు అది నొక్కాలి, లాక్కూడదు.

ఆన్ చేశాక ‘నో సిగ్నల్’ అంటే కంగారుపడకండి. మానిటర్ ఇంకా పాత పోర్టునే చూస్తోందేమో. ఇన్‌పుట్ లేక సోర్స్ బటన్‌తో కొత్తది ఎంచుకోండి.

6. బొమ్మ వచ్చింది, ఇక సర్దండి

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి రెజల్యూషన్ దగ్గర ‘రికమెండెడ్’ అని ఉన్నదే పెట్టండి. అక్షరాలు చిన్నవైపోయాయని రెజల్యూషన్ తగ్గించేవాళ్లు చాలామంది, అప్పుడు ఎంత మంచి కేబులైనా మసకే. దాని పైనున్న ‘స్కేల్’ పెంచండి, అక్షరం పెద్దదీ అవుతుంది, పదునుగానూ ఉంటుంది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు కూడా చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ 60లోనే ఏళ్ల తరబడి నడుస్తున్న ఇళ్లు ఉన్నాయి.

వీజీఏ వాళ్లకి అసలు పని ఇక్కడుంది. తెర నిండా అక్షరాలున్న పేజీ గానీ నిండు ఫొటో గానీ తెరవండి. అంచులు కనబడాలి కాబట్టి నల్లటి డెస్క్‌టాప్ మీద ఇది చేయొద్దు. ఇప్పుడు మానిటర్ మీద ‘ఆటో’ బటన్ నొక్కండి. బొమ్మ ఒకసారి ఊగి కుదురుకుంటుంది. ఇంకా మసకుంటే మెనూలో ‘క్లాక్’, ‘ఫేజ్’ అని రెండుంటాయి. కొన్నిటిలో ‘కోర్స్’, ‘ఫైన్’ అంటారు. తెర మీద నిలువు పట్టీలుగా కొంత స్పష్టం, కొంత మసక ఉంటే క్లాక్ కదపండి. తెరంతా ఒకే తీరుగా వణుకుతూ ఉంటే ఫేజ్ కదపండి. క్లాక్ ముందు, ఫేజ్ తర్వాత.

సరిపోయిందో లేదో చూడ్డానికి నేను వాడే పరీక్ష కాగితం ఇది. నోట్‌ప్యాడ్ తెరిచి, చిన్న సైజులో ‘ర ఠ ద ధ థ ప ష ఫ బ భ’ అని నాలుగు వరసలు కొట్టండి. మామూలు దూరంలో కూర్చుని చూడండి. ఠలో చుక్క, థలో చుక్క, భ కింద గీత విడివిడిగా కనబడ్డాయా, సరే. తెర ఎడమ మూలా, కుడి మూలా కూడా చూడండి, వీజీఏ ఒక్కోసారి ఒక పక్కే మోసం చేస్తుంది.

హెచ్‌డీఎంఐ వాళ్లకి తంటాలు వేరు. మానిటర్‌ని టీవీ అనుకుని కంప్యూటర్ బొమ్మ చుట్టూ నల్ల అంచు వదులుతుంది, లేదా టాస్క్‌బార్ సగం తెర బయటికి పోతుంది. అప్పుడు గ్రాఫిక్స్ సెట్టింగులో స్కేలింగ్, ఓవర్‌స్కాన్ సర్దాలి. తెర టీవీ అయితే దాని మెనూలో ‘జస్ట్ స్కాన్’ గానీ ‘పీసీ’ గానీ ఎంచుకోవాలి. నలుపు బూడిద రంగులో పాలిపోయి కనిపిస్తే ఆర్‌జీబీ రేంజ్ ‘లిమిటెడ్’లో ఉందని అర్థం, ‘ఫుల్’ చేయండి. స్పీకర్ల నుంచి సౌండ్ హఠాత్తుగా పోయిందా? విండోస్ దాన్ని హెచ్‌డీఎంఐ గుండా స్పీకర్లు లేని మానిటర్‌కి పంపుతోంది. టాస్క్‌బార్‌లో సౌండ్ గుర్తు నొక్కి పాత స్పీకర్లు ఎంచుకుంటే చాలు.

7. తర్వాతెప్పుడైనా తేడా వస్తే

వీజీఏలో తెరంతా ఒకే రంగు తేలితే, ఒక రంగు అందడం లేదన్నమాట. ఎరుపు పోతే తెర నీలి-ఆకుపచ్చగా, ఆకుపచ్చ పోతే వంగపండు-గులాబీగా, నీలం పోతే పసుపుగా మారుతుంది. మానిటర్ పోయిందని రిపేరుకి మోసుకెళ్లే ముందు కేబుల్ ఊడదీసి సూదులు చూడండి, ఒకటి వంగి ఉండొచ్చు. పాత పెన్ను రీఫిల్ గొట్టంతో మెల్లగా నిలబెట్టొచ్చు.

రెజల్యూషన్ 1024×768 దాటనంటే మానిటర్ తన పేరూ ఊరూ కంప్యూటర్‌కి చెప్పుకునే సన్న తీగ పనిచేయడం లేదని అనుమానించండి. కేబుల్ మార్చి చూడండి. ఓటీటీలో డబ్బు కట్టిన సినిమా వీజీఏ మీద తక్కువ నాణ్యతతో వస్తున్నా, అసలు రాకపోయినా అది మరమ్మతు విషయం కాదు. కాపీ కాకుండా పెట్టే డిజిటల్ తాళం అనలాగ్ తీగ మీద పనిచేయదు.

మా బావమరిది నీలం కేబుల్‌ని పారేయబోతే నేనే ఆపాను. వాళ్ల సెంటర్ గుమ్మం దగ్గర సీసీ కెమెరా డీవీఆర్‌కి వీజీఏ ఉంది, అటక మీద పాత 17 అంగుళాల మానిటర్ ఒకటుంది. ఇప్పుడా రెంటినీ కలిపి ఉంచింది ఆ కేబులే. సైకిల్ పెట్టిందెవరో, చెప్పులు తీసుకెళ్లిందెవరో చూసుకోవడానికి థలో చుక్కతో పనిలేదు.